పీహెచ్‌పీలో సొంత ఎర్రర్లు: డై నుంచి త్రో దాకా

వెబ్‌సైట్లు రాయడానికి వాడే భాష పీహెచ్‌పీ. అందులో రాసిన పాత కోడ్‌ని 8.4 వెర్షన్ మీద నడిపితే ఒక హెచ్చరిక రావచ్చు: ట్రిగ్గర్ ఎర్రర్ ఫంక్షన్‌కి ఈ-యూజర్-ఎర్రర్ స్థాయి ఇవ్వొద్దు, ఎక్సెప్షన్ త్రో చేయండి లేదా ఎగ్జిట్ వాడండి అని. ట్రిగ్గర్ ఎర్రర్ అంటే మన కోడ్ తనే ఒక ఎర్రర్ ప్రకటించే ఫంక్షన్, ఈ-యూజర్-ఎర్రర్ అందులో అన్నిటికంటే తీవ్రమైన స్థాయి, ఎగ్జిట్ స్క్రిప్ట్‌ని అక్కడే ఆపేస్తుంది. 2024 నవంబర్‌లో వచ్చిన ఈ మార్పు వెనక పాతికేళ్ల కథ ఉంది.

మొదట్లో చాలామందికి తెలిసిన దారి డై ఒక్కటే, అంటే ఒక సందేశం చూపి స్క్రిప్ట్‌ని ఆపేసే ఆదేశం. డేటాబేస్ కనెక్ట్ కాకపోతే మైఎస్‌క్యూఎల్ చెప్పిన కారణాన్ని అలాగే ప్రింట్ చేసి ఆపేసేవాళ్లు. పేజీ సగంలో తెగిపోయేది, డేటాబేస్ యూజర్ పేరు సైటుకి వచ్చినవాళ్ల కంట పడేది.

2000లో పీహెచ్‌పీ 4తో ట్రిగ్గర్ ఎర్రర్, దాన్ని పట్టుకునే సెట్ ఎర్రర్ హ్యాండ్లర్ వచ్చాయి. ఎర్రర్, వార్నింగ్, నోటీస్ అని మూడు స్థాయిలు. ఏదీ చెప్పకపోతే నోటీసే. పెద్ద ఊరటే, కానీ వాడితే తెలిసే ఇబ్బందులున్నాయి. డిస్కౌంట్ లెక్కకట్టే ఫంక్షన్‌కి ఎవరో 120 శాతం పంపారనుకోండి. లాగ్‌లో కనిపించేది ఆ ఫంక్షన్ లోపలి లైన్ నంబరే. దాన్ని యాభై చోట్ల పిలుస్తుంటే, తప్పు విలువ ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కోవాల్సిందే. ఇంతకంటే ప్రమాదం ఇంకోటుంది: మన హ్యాండ్లర్‌లో ఎగ్జిట్ రాయడం మర్చిపోతే, ఈ-యూజర్-ఎర్రర్ తర్వాత కూడా స్క్రిప్ట్ ముందుకెళ్లిపోతుంది. ఆగాల్సిన చోట ఆగక, తప్పు బిల్లు సేవ్ అయిపోతుంది. నన్నడిగితే, ఈ పద్ధతికి ఇదే అసలు లోపం.

2004లో పీహెచ్‌పీ 5 ట్రై, క్యాచ్, త్రో తెచ్చింది. తప్పు జరిగిన చోట ఎక్సెప్షన్ అనే ఆబ్జెక్ట్‌ని త్రో చేస్తే, దాన్ని పిలిచిన కోడ్ క్యాచ్‌లో పట్టుకోవచ్చు. సొంత ఎక్సెప్షన్ క్లాస్ రాసుకుని, దానితోపాటు కావాల్సిన వివరాలూ పంపొచ్చు. అయితే భాషలోని పాత ఫంక్షన్లు మాత్రం వార్నింగులు ఇస్తూనే ఉన్నాయి. ఒకే ప్రోగ్రాంలో రెండు పద్ధతులు! వాటిని కలపడానికి, అంటే వార్నింగుని ఎక్సెప్షన్‌గా మార్చుకోవడానికి, 5.1లో ఎర్రర్ ఎక్సెప్షన్ క్లాస్ వచ్చింది. 2015లో పీహెచ్‌పీ 7 స్క్రిప్ట్‌ని ఆపేసే చాలా ఫేటల్ ఎర్రర్లను పట్టుకోగలిగేలా మార్చింది. 2020లో 8.0 ఇంకొన్ని వార్నింగులను ఎక్సెప్షన్లు చేసింది.

2013లో 5.5తో వచ్చిన ఫైనల్లీ, అంటే ట్రై, క్యాచ్‌ల చివర రాసే బ్లాక్, ఈ కథకి కీలకం. ఎక్సెప్షన్ వస్తే ఫైనల్లీలో రాసిన సర్దుబాటు పని జరుగుతుంది. ఈ-యూజర్-ఎర్రర్‌తో స్క్రిప్ట్ ఆగితే ఆ బ్లాక్ నడవనే నడవదు. 8.4 దాన్ని వద్దనడానికి ఇదొక ముఖ్య కారణం.

ట్రిగ్గర్ ఎర్రర్ మాత్రం పోలేదు. ఒక ఫంక్షన్ త్వరలో తీసేస్తున్నామని లైబ్రరీలు చెప్పడానికి 2009లో 5.3 ఇచ్చిన ఈ-యూజర్-డెప్రికేటెడ్ స్థాయి ఇప్పటికీ కావాలి. అక్కడ కబురు అందాలి, పని ఆగకూడదు.