గగన్‌యాన్ రహస్యం అని పైసలు అడిగితే ఇవ్వకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రీహరికోటలో సీఐఎస్ఎఫ్ డ్యూటీ చేసి రిటైరయ్యాను. ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నాను. మన వ్యోమగాములను అంతరిక్షంలోకి పంపే ఇస్రో ప్రాజెక్టు గగన్‌యాన్ వార్త పేపర్లో పడితే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "మనుషుల్ని పంపే రాకెట్ గదా, అంతా లోపల్లోపలే అయితదట" అన్నదే అందరి మాట. ఈ మాట నమ్మి మన దగ్గర ఇళ్లు గుల్లవుతున్నాయి. అందుకే ముందు దాని సంగతే చెప్తాను.

అపోహ: గగన్‌యాన్‌కు ఉద్యోగులను గుట్టుగా తీసుకుంటారు, నోటిఫికేషన్ ఉండదు.

వాస్తవం: ఇస్రోలో ఉద్యోగాలుంటే నోటిఫికేషన్ ఇస్రో వెబ్‌సైట్లో పడుతుంది. దరఖాస్తు, రాత పరీక్ష, పోస్టును బట్టి ఇంటర్వ్యూ లేదా స్కిల్ టెస్ట్, ఇదే దారి. ఎంపికయ్యాక పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది. అది సర్కారు పని. "సెక్యూరిటీ క్లియరెన్స్ డిపాజిట్" అనేది లేనే లేదు.

నర్సంపేట వైపు రైతు ఒకాయన ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మి అటు నుంచి అటే మా ఇంటికి వచ్చాడు. కొడుకు బీటెక్ చదివి ఖాళీగా ఉన్నాడు. ప్లాస్టిక్ కవర్లోంచి ఒక కాగితం తీశాడు. పైన మూడు సింహాల ముద్ర, పక్కన ఇస్రో గుర్తు, కింద ఆకుపచ్చ సిరాతో సంతకం. మెయిల్ అడ్రస్ మాత్రం జీమెయిల్. అన్నిటికన్నా కింద ఎర్ర అక్షరాలతో ఒక లైను: అధికార రహస్యాల చట్టం ప్రకారం ఈ విషయం బంధువులకు సైతం తెలుపరాదు.

"ఎవ్వరికి చెప్పద్దన్నరు సారూ. మీరు అండ్లనే చేసిండ్రు గదా అని మీకొక్కరికే చూపెడుతున్న" అన్నాడు గొంతు తగ్గించి. అప్పటికే ఒక విడత కట్టేశాడు. మిర్చి పైసలు రెండో విడత కోసం.

ఆ ఎర్ర లైనే అసలు ఉచ్చు. 1923 నాటి ఆ చట్టం నిజంగానే ఉంది. దేశభద్రతకు సంబంధించిన రహస్యాలు పరాయి చేతుల్లో పడకుండా పెట్టిన చట్టం అది. కొడుక్కి ఉద్యోగం వచ్చిందని తండ్రి తన తమ్ముడికి చెప్పుకుంటే నేరం అనలేదు. నలుగురిని అడిగితే గుట్టు బయటపడుతుంది కాబట్టి ఈ దొంగలు ముందే మీ నోరు కట్టేస్తారు. కట్టి మోసపోయినవాళ్లు దయచేసి సిగ్గుపడి ఊరుకోకండి. తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే పైసలు ఆ ఖాతాలోనే ఆగే అవకాశం అంత ఎక్కువ. పక్కన కూర్చుని ఆ రైతుతో కూడా అదే చేయించాను.

"మరి వ్యోమగాముల పేర్లు దాచలేదా?" అని అడుగుతారు. దాచారు. నలుగురూ వైమానిక దళం టెస్ట్ పైలట్లు. రష్యాలో శిక్షణ పూర్తయి వచ్చినా పేర్లు చెప్పలేదు. 2024 ఫిబ్రవరి 27న తిరువనంతపురంలో ప్రధాని ప్రకటించాకే ప్రశాంత్ బాలకృష్ణన్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లా అని తెలిసింది. అయితే నలుగురు పైలట్లు రష్యాలో ఉన్నారన్న సంగతి అంతకు ముందే పేపర్లలో వచ్చింది. మనుషుల వివరాలు, కాపలా ఎక్కడ ఎంత, కమాండ్ కోడ్‌లు ఏమిటి, ఇలాంటివే దాస్తారు. ప్రయోగాన్ని దాచడం కుదరదు. సముద్రంలో పడవలు ఆగాలి, పైన విమానాలు పక్కకు తిరగాలి, అందుకని పడవలకు హెచ్చరిక, విమానాలకు నోటామ్ అనే హెచ్చరిక ముందే ఇస్తారు.

పాత సోవియట్ కథలు విని కొందరు ఇక్కడా అంతే అనుకుంటారు. 1961లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి మనిషి గగారిన్ కక్ష్యలోకి చేరాకే రేడియోలో చెప్పారు. ఆ రాకెట్ చేయించిన కొరోల్యోవ్ పేరు 1966లో ఆయన పోయాక గానీ లోకానికి తెలియలేదు. గగారిన్ ఎగిరిన అదే బైకనూర్ కేంద్రంలో 2018 అక్టోబర్ 11న వ్యోమగాములతో వెళ్తున్న రష్యా సోయుజ్ రాకెట్ మధ్యలో విఫలమైతే ప్రపంచమంతా లైవ్‌లో చూసింది. లోపలున్న ఇద్దరూ ప్రాణాలతో దిగారు.

కాజీపేటలో ఒక తల్లి అడిగిన ప్రశ్న మాత్రం మనసులో నిలిచిపోయింది. బిడ్డ వ్యోమగామి అవుతానంటోందట. "రాకెట్ దారి తప్పితే లోపల మనుషులున్నా పేల్చేస్తరటగా సారూ?" అంది. లేదమ్మా. మనుషులు లేని రాకెట్ అయితే ఊళ్ల మీద పడకుండా పేల్చేస్తారు. మనుషులున్నప్పుడు ముందు ఎస్కేప్ సిస్టమ్ వాళ్లు కూర్చున్న మాడ్యూల్‌ను రాకెట్ నుంచి దూరంగా లాగేస్తుంది. దాన్నే 2023 అక్టోబర్ 21న మనుషులు లేకుండా చేసిన టీవీ-డీ1 అనే ప్రయోగంలో పరీక్షించారు. వాతావరణం బాగోలేక ఆలస్యమైంది, తర్వాత 5 సెకన్లు ఉందనగా కంప్యూటర్ ఆపేసింది, చివరికి 10 గంటలకు ఎగిరింది. మాడ్యూల్ పారాచూట్లతో తీరానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో దిగింది. ఆపేసిన సంగతి కూడా లైవ్‌లోనే చూపించారు. ఆ వీడియో మీ బిడ్డతో కలిసి చూడమని ఆమెకు చెప్పాను.

ఇక క్వారంటైన్. ప్రయాణానికి ముందు వ్యోమగాములను బయటివాళ్లతో కలవనివ్వరు. అది గుట్టు కోసం కాదు, జలుబో జ్వరమో అంటుకోకూడదని, అంతే.

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూసే లాంచ్ గ్యాలరీ పాసులు కొనే పనే లేదు. ఇస్రో సైట్లో రిజిస్ట్రేషన్ ఉచితం, తెరిచిన కాసేపటికే నిండిపోతుంది. దొరికితే వరంగల్‌లో చెన్నై బండెక్కి గూడూరులో దిగి సూళ్లూరుపేటకు వెళ్లండి. గుర్తింపు కార్డు ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి.