ఆరుద్ర పురుగుకి ఎన్ని కాళ్లు? పిల్లల ప్రకృతి పుస్తకాల గురించి అపోహలు - వాస్తవాలు

పదిహేనేళ్లుగా పిల్లల కోసం జంతువుల మీద, చెట్టూ పుట్టా మీద పుస్తకాలు రాస్తున్నాను. వేరేవాళ్లు రాసినవి దిద్దుతాను, ఇంగ్లీషు నుంచి కొన్ని తెలుగులోకి తెస్తాను. ఇవి కథల పుస్తకాలు కావు. పాము కుబుసం ఎలా విడుస్తుంది, చీమ దారి ఎలా గుర్తుపడుతుంది, ఇలాంటివి ఉన్నదున్నట్టు చెప్పేవి. పుస్తకాల పండగలో మా స్టాల్ దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు, టీచర్లు, కొత్తగా రాయాలనుకునేవాళ్లు ఏటా దాదాపు అవే మాటలు అంటుంటారు. అక్కడ ఆ హడావిడిలో సరిగా చెప్పలేకపోయిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: చిన్నపిల్లల పుస్తకమే కదా, బొమ్మ అందంగా ఉంటే చాలు.

మాకు ఎక్కువ టైమ్ పట్టేది బొమ్మల దగ్గరే. తొలకరి వానల మీద ఒక పుస్తకం చేశాం. తొలకరి అన్నాక ఆరుద్ర పురుగు ఉండాల్సిందే. తడిసిన ఎర్రమట్టి మీద మఖమల్ గుడ్డ ముక్కలా ముద్దుగా ఉన్న పురుగుని మా ఆర్టిస్ట్ గీసి తెచ్చారు. ఆ పేజీ చూసి ఆఫీసులో అందరం సంబరపడ్డాం. తర్వాత కాళ్లు లెక్కపెట్టాను. ఆరు ఉన్నాయి.

ఆరుద్ర పురుగుకి ఎనిమిది కాళ్లు. పేరులో పురుగు అని ఉన్నా అది కీటకం కాదు. సాలీడుకి, తేలుకి, పశువుల్ని పట్టే పిడుదుకి చుట్టం. గుడ్డులోంచి వచ్చినప్పుడు దాని పిల్లకి ఆరు కాళ్లే ఉంటాయి. అప్పుడది మిడతల్లాంటి వాటి ఒంటిని పట్టుకుని బతుకుతుంది. పెరిగాక ఎనిమిది కాళ్లొస్తాయి. ఏడాదిలో చాలాకాలం నేలలోపలే ఉండి, మంచి వాన పడ్డాక పైకి వస్తుంది. అందుకే మనవాళ్లు కార్తె పేరే దానికి పెట్టారు.

రెండు కాళ్ల కోసం ఆ పేజీ మళ్లీ గీయించాం. ప్రింటింగ్ వారం ఆలస్యమైంది. ఇంత అవసరమా అని ఒకాయన అడిగారు. అవసరమే. ఆ పుస్తకం చదివిన పిల్ల జూన్ నెలాఖర్లో చేను గట్టు మీద ఆ పురుగుని అరచేతిలోకి తీసుకుని లెక్కపెడుతుంది. పుస్తకంలో ఆరు, చేతిలో ఎనిమిది ఉంటే, అచ్చులో ఉన్నదే నిజమనుకుని తన కళ్లనే అనుమానించే ప్రమాదం ఉంది. నాకు అదే భయం.

ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. సాలీడు ఎనిమిది కాళ్లూ ముందు భాగానికే ఉంటాయి. చాలా బొమ్మల్లో వెనకున్న గుండ్రటి పొట్టలోంచి బయటికొస్తుంటాయి. కోయిల సంగతీ అంతే. పాటల్లో కోయిలమ్మ అని పిలుచుకుంటాం, అది మన ముద్దు. కానీ వేసవిలో కుహూ అని సాగదీసి కూసేది మగ కోయిల, నల్లగా నిగనిగలాడేది. ఆడ కోయిల గోధుమరంగు ఒంటి మీద తెల్లటి చుక్కలతో ఉంటుంది. కాకి గూట్లో గుడ్డు పెట్టే పేజీలో నల్లటి పక్షిని గీస్తే ఆ పేజీ మొత్తం తప్పే.

అపోహ: తెలుగులో జంతువులకి పేర్లు లేవు, ఇంగ్లీషు పేర్లు వాడక తప్పదు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఒళ్లంతా పెంకులుండే అలుగు, రాత్రిపూట కొమ్మల మీద మెల్లగా కదిలే పెద్ద కళ్ల దేవాంగపిల్లి, గుంపుగా వేటాడే రేచుకుక్క, మడ అడవుల్లో చేపలు పట్టే బావురుపిల్లి, రోళ్లపాడు గడ్డి మైదానాల బట్టమేక పిట్ట. ఇవన్నీ ఎవరో పండితులు కూర్చుని తయారుచేసిన మాటలు కావు. అడవి పక్కన, చెరువు పక్కన బతికినవాళ్లు పెట్టుకున్న పేర్లు.

కలివికోడి సంగతే చూడండి. 1848లో జెర్డాన్ అనే బ్రిటిష్ వైద్యుడు దాన్ని శాస్త్ర లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోవడంతో ఆ జాతి అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవుల దగ్గర మళ్లీ దొరికింది. పట్టి చూపించింది అక్కడి వేటగాడే. కలివి పొదల్లో తిరిగే పిట్ట కాబట్టి అక్కడివాళ్లకి అది కలివికోడి. ఈ పేరు పక్కన పెట్టి ఇంగ్లీషు పేరు వాడితే ఆ పొదల సంగతి, అది ఎక్కడ బతుకుతుందన్న సంగతి పిల్లలకి అందకుండా పోతుంది.

మా అసలు ఇబ్బంది వేరే. ఒకే పేరు రెండు మూడు జంతువులకి అంటుకుంటుంది. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి 8 చీతాల్ని మధ్యప్రదేశ్‌లోని కూనో పార్కుకి తెచ్చారు. ఆ తర్వాత ఒక బడికి వెళ్తే ఆరో తరగతి పిల్లాడు లేచి అడిగాడు: "మేడమ్, చిరుతలు మన దేశంలో 1952 కల్లా అయిపోయాయని పుస్తకంలో ఉంది. మరి తిరుమల మెట్ల దారిలో తిరిగేవి ఏంటి?"

వాడు అడిగింది నూటికి నూరుపాళ్లు న్యాయం. అయిపోయింది చీతా. తిరుమల కొండల్లో ఉన్నది చిరుత. ఎవరో అనువాదంలో రెండింటికీ చిరుత అనే రాసేశారు. చిరుత ఒంటి మీద మచ్చలు విడిన పువ్వుల్లా మధ్యలో ఖాళీతో ఉంటాయి. చీతావి నిండు చుక్కలు, పైగా కంటి కొన నుంచి నోటిదాకా కాటుక కారినట్టు నల్లటి చార ఉంటుంది. చిరుత వేటని చెట్టెక్కించి దాచుకుంటుంది, చీతా నేల మీద పరుగుని నమ్ముకుంటుంది. అప్పటి నుంచి మా దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాం. ఏ జంతువుకి ఏ మాట వాడామో అందులో రాస్తాం. ఏదుపందికి, చేతిలో పట్టేంత హెడ్జ్‌హాగ్‌కి కలిపి ముళ్లపంది అనడం కూడా అలాగే మానేశాం. కొంగల దగ్గర మాత్రం ఇప్పటికీ తంటాలు పడుతున్నాం.

అపోహ: నమ్మకాలు, సామెతలు తప్పని చెప్తే పిల్లలు మన సంస్కృతికి దూరమవుతారు.

తొండ ముదిరితే ఊసరవెల్లి అంటాం. ఆ సామెత మనుషుల గురించి, అది ఎప్పటికీ ఉంటుంది, ఉండాలి. అయితే తొండ ఎంత ముదిరినా తొండే, రెండూ వేరువేరు కుటుంబాలు. ఊసరవెల్లి కాలి వేళ్లు ఒకవైపు రెండు, ఇంకోవైపు మూడు, పట్టకారులా కొమ్మని పట్టుకుంటాయి. రెండు కళ్లూ విడివిడిగా తిరుగుతాయి. అది రంగు మార్చేది ఎక్కువగా ఎండకి, చలికి, భయానికి, తోటి ఊసరవెల్లి ఎదురైనప్పుడు. ఏ గుడ్డ మీద పెడితే ఆ గుడ్డ రంగులోకి మారిపోదు. మా పుస్తకంలో మొదటి పేజీలో సామెత పెట్టి, తర్వాతి పేజీల్లో ఇవన్నీ చూపించాం. పిల్లలు రెండూ గుర్తుపెట్టుకున్నారు.

పాముల దగ్గర మాత్రం నేను అస్సలు మెత్తబడను. నాగులచవితికి పుట్టకి మొక్కడం ఎవరి భక్తి వాళ్లది, దాని జోలికి పోం. పాము పాలు తాగుతుందని, పగబడుతుందని మాత్రం అచ్చు వేయం. ఎందుకంటే ఇక్కడ తప్పు రాస్తే ప్రాణం మీదికి వస్తుంది. మన దేశంలో 300 దాకా పాము జాతులున్నా ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ ఈ నాలుగింటి విషానికీ పనిచేస్తుంది. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది. నొప్పి పెద్దగా తెలియదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. ఈ సంగతి తెలిసిన పిల్ల ఇంట్లో ఉంటే మంత్రం దగ్గరికో పసరు దగ్గరికో పోయి టైమ్ పోగొట్టకుండా, గాయం కోయకుండా, గట్టిగా తాడు కట్టకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పగలదు.

అపోహ: చావు, వేట పిల్లలకి చూపించకూడదు.

రక్తం పులమక్కర్లేదు, దాచనూ అక్కర్లేదు. మన తీరానికి శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కోటి వంద దాకా పెడుతుంది. పిల్లలన్నీ సముద్రంలోకి హాయిగా వెళ్లిపోయాయని రాస్తే, అన్ని గుడ్లు ఎందుకు పెట్టిందన్న ప్రశ్నకి జవాబు ఉండదు. కాకులు, కుక్కలు, పీతలు, చేపలు తినగా వెయ్యిలో ఒక్కటి పెద్దదైతే గొప్ప. ఆ పేజీ చదివినప్పుడు పిల్లలు కాసేపు మౌనంగా ఉంటారు. ఆ తర్వాత అడిగే ప్రశ్నలు చాలా బాగుంటాయి.

అపోహ: జంతువులు మాట్లాడితేనే పిల్లలు చదువుతారు.

మాట్లాడే జంతువుల కథలు నాకూ ఇష్టమే, వాటి చోటు వాటిది. కానీ చీమ తన వాసన గీసుకుంటూ వెళ్తుందని, వెనకొచ్చే చీమ ఆ వాసన పట్టుకుని నడుస్తుందని చెప్పి, ఆ దారిని తడిగుడ్డతో ఒకచోట తుడిచి చూడమంటే పిల్లలు పుస్తకం పక్కన పెట్టి వంటింట్లోకి పరిగెత్తుతారు. చీమ చేత మాట్లాడించాల్సిన పని లేదు.

అపోహ: పులి, సింహం, డైనోసార్ ఉంటేనే పుస్తకం అమ్ముడుపోతుంది.

అట్ట మీద పులి ఉంటే చెయ్యి అటు వెళ్లే మాట నిజమే. కానీ చినిగిపోయేదాకా చదివిన పుస్తకాలు బడి లైబ్రరీల్లో ఏవో చూస్తే చీమలు, పాములు, కప్పలు, పిట్టలు. పులిని చూడాలంటే జూకి వెళ్లాలి. వీటికి వాకిట్లోకి వస్తే చాలు.

పోయిన వేసవిలో నల్గొండ వైపు నుంచి ఒక మూడో తరగతి పిల్ల ఉత్తరం రాసింది. వాళ్ల వంటింట్లో ట్యూబ్‌లైట్ దగ్గరుండే బల్లి తోక తెగిందట. మళ్లీ మొలవడం చూస్తూ బొమ్మలు గీసింది, పక్కన తేదీలు వేసింది. మొత్తం పదకొండు బొమ్మలు. కింద ఒక ప్రశ్న: "కొత్త తోకలో ఎముకలు ఉంటాయా?" ఉండవమ్మా, మన చెవి డిప్పలో ఉండేలాంటి మెత్తటి మృదులాస్థి ఉంటుంది అని జవాబు రాశాను. ఇప్పుడు మేం బల్లి మీద పుస్తకం చేస్తున్నాం. ఆర్టిస్ట్ టేబుల్ మీద ఆ పదకొండు బొమ్మల జిరాక్స్ ఉంది.