ఆడిటర్ గారి వెబ్‌సైట్‌లో ఏమి ఉండకూడదు

విశాఖపట్నంలో డాబా గార్డెన్స్ మొదలుకొని ద్వారకానగర్ వరకు ఏ వాణిజ్య భవనం మెట్లెక్కినా, ఏదో ఒక అంతస్తులో ఆడిటర్ పేరో పన్ను సలహాదారు పేరో ఉన్న బోర్డు కనిపించడం మామూలే. అలాంటి చిన్న కార్యాలయంలో ఇద్దరు ముగ్గురు అకౌంటెంట్లు, ఒకరిద్దరు ఆర్టికల్ విద్యార్థులు, నాలుగైదు కంప్యూటర్లు ఉంటాయి. ఉక్కు కర్మాగారం ఉద్యోగి ఫారం 16 (జీతం, దాని మీద కోసిన పన్ను చూపే పత్రం), గాజువాక ఆటోనగర్‌లోని వర్క్‌షాపు బ్యాలెన్స్ షీటు, కురుపాం మార్కెట్ నగల వ్యాపారి బ్యాంకు స్టేట్‌మెంట్లు, రొయ్యల ఎగుమతిదారు జీఎస్టీ రిఫండు కాగితాలు అన్నీ అక్కడికే చేరతాయి. ఒక కుటుంబం సంపాదన, అప్పులు, ఆస్తులు, బీమా, పిల్లల ఫీజులు ఇంత వివరంగా ఒకేచోట ఉండడం బ్యాంకులో కూడా అరుదు. అదే కార్యాలయానికి ఒక వెబ్‌సైట్ కూడా ఉంటుంది. ఎప్పుడో తెలిసిన కుర్రవాడు తయారుచేసి ఇచ్చినది, ఏటా డబ్బు కట్టి కొనసాగిస్తున్నదే తప్ప ఎవరూ తెరిచి చూడనిది. ఈ రెండింటికీ మధ్య ఉన్న గోడ ఎంత పలుచనిదో తెలియాలంటే ముందుగా ఒక లెక్క చూడాలి.

వస్తు సేవల పన్ను 2017 జూలై 1న అమల్లోకి వచ్చింది. నమోదైన ప్రతి వ్యాపారీ తన జీఎస్టీ సంఖ్యను దుకాణం ముందున్న పేరు బోర్డు మీద చూపాలని దాని నిబంధనలు చెబుతున్నాయి. ఆ సంఖ్యలో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ తర్వాతి పది అక్షరాలు వ్యాపారి పాన్. భాగస్వాములెవరూ లేకుండా ఒక్కరే నడిపే వ్యాపారమైతే అది యజమాని వ్యక్తిగత పానే అవుతుంది. కనుక పూర్ణా మార్కెట్ దారిలో నడుస్తూ హార్డ్‌వేర్ కొట్టు బోర్డు చదివిన ప్రతివారికీ ఆ యజమాని పాన్ తెలిసిపోతుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు. చిక్కు వచ్చేదల్లా అదే పాన్‌ను మరోచోట రహస్యంగా లెక్కించినప్పుడే. ఆదాయపు పన్ను పోర్టల్ నుంచి దించుకొనే వార్షిక సమాచార ప్రకటన పీడీఎఫ్‌ను తెరవడానికి పాస్‌వర్డ్ ఏమిటంటే, ఇంగ్లీషు చిన్న అక్షరాలలో పాన్, దాని వెంటే ఎనిమిది అంకెలలో పుట్టిన తేదీ. రిటర్ను రసీదు కాపీకీ అదే పద్ధతి. పాన్ బోర్డు మీదే ఉన్నప్పుడు తెలియనిది పుట్టిన తేదీ ఒక్కటే. డెబ్బై ఏళ్ల వ్యవధిలో ఉండే తేదీలన్నీ కలిపితే సుమారు 25,500. ఆ తేదీలన్నిటినీ వరుసగా ప్రయత్నించడం మామూలు ల్యాప్‌టాప్‌కు కొద్ది నిమిషాల పని. దీనికి బదులు చిన్న అక్షరాలు, అంకెలు కలగలిపి యంత్రం చేత యాదృచ్ఛికంగా ఎంపిక చేయించిన ఎనిమిది అక్షరాల పాస్‌వర్డ్ అయితే, ప్రయత్నించవలసినవి దాదాపు 2.8 లక్షల కోట్లు. మొదటిదానికి ఒక్క నిమిషం పట్టే యంత్రానికి రెండోదానికి రెండు వందల ఏళ్లకు పైగా పడుతుంది. పాస్‌వర్డ్ పొడవు కాదు, అందులో ఊహకు అందని భాగం ఎంత అన్నదే ముఖ్యం. పద్దెనిమిది అక్షరాల పాన్, తేదీ జోడింపు కంటే ఎనిమిది అర్థంలేని అక్షరాలు ఎన్నో రెట్లు గట్టివి.

కాబట్టి ‘పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా’ అన్న ధీమా నిలిచేది కాదు. ఆ ఫైలు ఎవరి చేతికి అందే చోట ఉంది అన్నదే అసలు ప్రశ్న. వెబ్‌సైట్ కథ ఇక్కడే మొదలవుతుంది.

ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నలభై శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నాయి. చిన్న కార్యాలయాల సైట్లలో ఎక్కువ భాగం అలాంటివే. వాటిలో ‘మీ పత్రాలు ఇక్కడ జతచేయండి’ అనే ఫారం పెట్టడానికి ఒక ప్లగిన్ (సైట్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాం) వేసుకుంటే చాలు. క్లయింట్ తన ఫారం 16 జతచేసి బటన్ నొక్కుతాడు, ఆడిటర్ గారికి ఈమెయిల్ వస్తుంది, పని జరిగిపోతుంది. అయితే కొన్ని ప్లగిన్లు ఆ ఫైలు కాపీని సర్వర్‌లోని అప్‌లోడ్‌ల ఫోల్డర్‌లో కూడా వదిలేస్తాయి. వర్డ్‌ప్రెస్ సాధారణంగా ఆ ఫోల్డర్‌ను సంవత్సరం, నెల పేర్లతో విభజిస్తుంది. అది చిత్రాలు, కరపత్రాలు వంటి బహిరంగ వస్తువుల కోసం ఉద్దేశించిన చోటు. అందులో ఉన్నదాని చిరునామా తెలిసినవారెవరైనా లాగిన్ లేకుండానే తెరవవచ్చు. సర్వర్ అమరిక సరిగా లేకపోతే ఫోల్డర్ పేరు కొట్టగానే అందులోని ఫైళ్ల జాబితా మొత్తం తెర మీదకు వస్తుంది. అలాంటి జాబితా ఒకసారి సెర్చ్ ఇంజన్ కంటపడితే, పేరు వెతికిన వారికి ఫారం 16 ఫలితాలలోనే కనిపించవచ్చు. పేజీలోంచి లింకు తీసేసినంత మాత్రాన ఫైలు పోదన్న సంగతి చాలామంది గమనించరు.

ఇదే ఫారంలో మరో ప్రమాదం ఉంది. పత్రం పేరుతో ఒక ప్రోగ్రాంను జతచేసి పంపితే, ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లను సర్వర్ ప్రోగ్రాంలుగా నడిపించే స్థితిలో ఉంటే, పంపినవాడి చేతికి సైట్ మొత్తం వెళ్లిపోతుంది. 2020 సెప్టెంబరులో వర్డ్‌ప్రెస్‌కు చెందిన ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్‌లో సరిగ్గా ఇలాంటి లోపమే బయటపడింది. లాగిన్ అవసరం లేకుండానే బయటివారు ఫైళ్లు ఎక్కించి నడిపించగలిగారు. అప్పటికి ఆ ప్లగిన్ ఏడు లక్షలకు పైగా సైట్లలో ఉంది.

‘మా చిన్న ఆఫీసు మీద ఎవరికి కన్ను ఉంటుంది?’ అన్న మాట ఈ వృత్తిలో తరచుగా వినిపిస్తుంది. నిజానికి ఎవరికీ ఉండదు, ఉండవలసిన అవసరం కూడా లేదు. ఇంటర్నెట్‌లో కంప్యూటర్లను గుర్తించే పాత పద్ధతి (ఐపీవీ4) అంకెల చిరునామాలు సుమారు 430 కోట్లు. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జీమ్యాప్ అనే పనిముట్టును విడుదల చేసి, మంచి కనెక్షన్ ఉన్న ఒక్క కంప్యూటర్‌తో ఆ చిరునామాల మొత్తాన్ని 45 నిమిషాలలోపే తట్టి చూడవచ్చని నిరూపించారు. ప్రపంచమంతటినీ గంటలోపు తట్టగలిగినవాడికి సీతమ్మధారలోని చిన్న కార్యాలయాన్ని ప్రత్యేకంగా ఎంచుకోవలసిన పనేముంది? ఇక బ్రౌజర్‌లో తాళం గుర్తు కోసం సైట్‌కు సర్టిఫికెట్ తీసుకుంటాము కదా, 2018 నుంచి అలా జారీ అయ్యే ప్రతి కొత్త సర్టిఫికెట్ బహిరంగ చిట్టాలలో నమోదై ఉండాలని క్రోమ్ బ్రౌజర్ పట్టుబడుతోంది. దొంగ సర్టిఫికెట్లను పట్టుకోవడానికి ఏర్పడిన మంచి వ్యవస్థ అది. కానీ ఆ చిట్టాలను ఎవరైనా చదవవచ్చు. కొత్త సైట్ పుట్టిన కొద్దిసేపటికే దాని పేరు తెలుసుకొని వచ్చి తలుపులు తట్టే యంత్రాలున్నాయి. ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎవరికీ తెలియదని అనుకోవడానికి వీల్లేదు.

ఆ తాళం గుర్తు గురించి కూడా ఒక అపోహ ఉంది. దారిలో మధ్యవారు చదవకుండా సమాచారాన్ని గుప్తలిపిలో చేరవేయడం వరకే దాని పని. రిజిస్టరు పోస్టులో సీలు వేసి వచ్చిన కవరును విప్పి రిసెప్షన్ బల్ల మీద వదిలేస్తే తపాలా శాఖ చేయగలిగేదేమీ లేనట్టే, సర్వర్‌కు చేరిన తర్వాత ఫైలు ఏమైందన్నది సర్టిఫికెట్ పరిధిలోనిది కాదు. తాళం గుర్తు తప్పనిసరే. అయితే అది లేని సైటును నమ్మకూడదనడానికి పనికొస్తుంది గాని, ఉన్న సైటును నమ్మవచ్చనడానికి సాక్ష్యం కాదు.

సైట్‌లో క్లయింట్ల పత్రాలేవీ లేకపోయినా దొంగకు అది పనికొస్తుంది. 2023 మార్చి, ఏప్రిల్ నెలలలో, సరిగ్గా అమెరికాలో రిటర్నుల గడువు దగ్గరపడుతున్నప్పుడు, అక్కడి పన్ను విభాగం అనుమతి పొందిన ఈఫైల్.కామ్ అనే సైట్ పేజీలలోకి హానికరమైన స్క్రిప్టు చొప్పించబడింది. రిటర్ను వేయడానికి వచ్చినవారికి బ్రౌజర్‌ను అప్‌డేట్ చేసుకోవాలంటూ ఒక దొంగ సందేశం కనిపించేది. నమ్మి దించుకున్నవారి కంప్యూటర్లోకి దొంగ ప్రోగ్రాం చేరేది. అక్కడ దోపిడీకి గురైంది సైట్‌లోని సమాచారం కాదు, సైట్ మీద జనానికి ఉన్న నమ్మకం. అంతకుముందు 2017 జూన్ 27న ఉక్రెయిన్‌లో మరింత పెద్ద ఘటన జరిగింది. అక్కడి వ్యాపార సంస్థలు పన్ను లెక్కల కోసం విరివిగా వాడే ఎం.ఈ.డాక్ అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల ద్వారానే నాట్‌పెట్యా అనే విధ్వంసక ప్రోగ్రాం వ్యాపించింది. ఓడరేవు నగరవాసులకు ఆసక్తి కలిగించే విషయమేమిటంటే, షిప్పింగ్ సంస్థ మేర్స్క్ కూడా దాని బారిన పడింది. ముంబయి పక్కనున్న జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవులో ఆ గ్రూపు నడిపే టెర్మినల్ పనులు స్తంభించాయి. మన దేశంలో జీఎస్టీ రాకకు అప్పటికి నాలుగు రోజులే ఉంది.

ఇంత చెప్పినా, చిన్న కార్యాలయానికి అన్నిటికంటే విలువైనది సైట్ కాదు, సైట్ పేరు అని నా అభిప్రాయం. చాలామంది క్లయింట్ల పోర్టల్ ఖాతాలకు ఈమెయిల్‌గా ఆడిటర్ కార్యాలయం చిరునామానే ఇచ్చి ఉంటారు. నోటీసులు తప్పిపోకుండా ఉంటాయని, పని సులువవుతుందని. ఆ ఈమెయిల్ సొంత డొమైన్ మీద, అంటే ఏటా డబ్బు కట్టి నిలుపుకొనే ఆ సైట్ పేరు మీదే నడుస్తుంది. డొమైన్ గడువు ముగిసి, పట్టించుకోకపోతే, కొంతకాలానికి దానిని ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవాడికి ఆ పేరు మీద వచ్చే ప్రతి ఉత్తరమూ అందుతుంది; పాస్‌వర్డ్ మార్చుకొనే సందేశాలు కూడా అందులో ఉంటాయి. డొమైన్ సైట్ తయారుచేసిన కుర్రవాడి సొంత ఖాతాలో ఉంటే, అతడు బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిపోయి ఫోను నంబరు మార్చినప్పుడు పరిస్థితి దాదాపు అలాగే ఉంటుంది. పేరు కార్యాలయం ఖాతాలోనే నమోదై ఉండాలి, ఆ ఖాతాకు రెండంచెల లాగిన్ ఉండాలి, గడువు చాలా ఏళ్లు ముందుగానే పొడిగించి ఉండాలి. కార్యాలయం పేరుతో దొంగ ఈమెయిళ్లు వెళ్లకుండా డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు అమరికలు చేయించాలి. రిటర్నుల సీజనులో ‘మీ రిఫండు ఆగింది, ఈ లింకు నొక్కండి’ అని ఆడిటర్ గారి పేరుతోనే ఉత్తరం వస్తే నమ్మని క్లయింట్ ఎవరుంటారు?

క్లయింట్లందరి యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు ఒకే ఎక్సెల్ షీటులో పెట్టుకోవడం, అందరి డిజిటల్ సంతకం టోకెన్లనూ ఒకే డబ్బాలో పోసి ఉంచడం గురించి వేరే వ్యాసమే రాయవచ్చు. ఆ షీటు కాపీ ఏదీ వెబ్ హోస్టింగ్ ఖాతాలోకి, అంటే సైట్ ఫైళ్లు ఉండే అద్దె సర్వర్‌లోకి, వెళ్లకూడదని మాత్రం ఇక్కడ చెప్పాలి. ఇంటి నుంచి చూసుకోవడానికి వీలుగా ఉంటుందని అక్కడ పెట్టేవారూ ఉన్నారు.

మరి చేయవలసిందేమిటి? ఆడిటర్ కార్యాలయం సైట్‌కు నిజంగా కావలసినది పేరు, చిరునామా, అర్హతలు, చేసే పనుల వివరం, ఫోను నంబరు. చార్టర్డ్ అకౌంటెంట్ల సొంత ప్రచారానికి వృత్తి నియమావళిలో ఎలాగూ హద్దులున్నాయి కనుక ఆ సైట్ ఆర్భాటంగా ఉండవలసిన అవసరం లేదు. అంతమాత్రానికి డేటాబేసు, ప్లగిన్లు, లాగిన్ పేజీ ఎందుకు? ఒకసారి రాసిపెట్టిన స్థిరమైన పేజీలు చాలు. సర్వర్ వాటిని చదివి పంపడమే తప్ప ఏ ప్రోగ్రాంనూ నడపదు కనుక పైన చెప్పిన దాడులలో చాలావాటికి అక్కడ తావే ఉండదు. పత్రాల మార్పిడిని సైట్ నుంచి పూర్తిగా విడదీసి, ఒక్కొక్క క్లయింట్‌కు విడిగా లాగిన్, గడువు తీరే లింకులు, ఎవరు ఎప్పుడు తెరిచారో చెప్పే చిట్టా ఉండే సేవలో జరపాలి. పాస్‌వర్డ్ పెట్టి పంపవలసి వస్తే యాదృచ్ఛికంగా తయారుచేసినది పెట్టి, ఫైలు వెళ్లిన దారిన కాకుండా ఫోనులో చెప్పాలి. వర్డ్‌ప్రెస్‌నే కొనసాగించదలిస్తే, వాడని ప్లగిన్లను ఆపడం కాదు, తొలగించాలి. అప్‌డేట్లు తమంతట తామే జరిగేలా పెట్టాలి. బ్యాకప్‌లలో ఒక ప్రతి ఊరికి బయట ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన తర్వాత రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేని నగరానికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

చట్టాలూ దీనిని పట్టించుకుంటున్నాయి. క్లయింట్ అనుమతి లేకుండా అతని సమాచారాన్ని ఇతరులకు వెల్లడించడం చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం, 1949 ప్రకారం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తగిన భద్రతా చర్యలు తీసుకోనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలు కల్పించింది.

దాడి జరిగిందని తెలిసిన రోజున మొదటి తొందర సైట్‌ను తుడిచి కొత్తగా పెట్టించడం మీదకే పోతుంది. అది కొద్దిసేపు ఆగాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇటువంటి ఘటనలను తెలిసిన 6 గంటలలోపు ఆ సంస్థకు తెలియజేయాలి, సర్వర్ చిట్టాలను (లాగ్‌లను) 180 రోజులు భద్రపరచాలి. చౌక హోస్టింగ్‌లలో ఆ చిట్టాలు తరచుగా కొద్ది రోజులకే చెరిగిపోతాయి. అందుకని ముందుగా సైట్‌ను బయటివారికి కనిపించకుండా ఆపి, చిట్టాలనూ ఫైళ్లనూ ఉన్నవి ఉన్నట్టుగా వేరే డిస్కులోకి కాపీ చేయించి, ఎవరెవరి పత్రాలు అక్కడ ఉండేవో జాబితా రాసుకోవాలి. డబ్బు పోయిన ఛాయ కనిపిస్తే సైబర్ మోసాల ఫిర్యాదులకున్న 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలి. జాబితాలో ఉన్న ప్రతి క్లయింట్‌కూ ఆడిటర్ గారు స్వయంగా ఫోను చేసి ఏయే కాగితాలు బయటపడి ఉండవచ్చో చెప్పాలి. ఆ కబురు వారికి ఏ మోసగాడి ఫోను ద్వారానో తెలియకముందే.