ఉబ్బసానికి చెట్టుమందు: ఉమ్మెత్త పొగ నుంచి ఇన్‌హేలర్ దాకా

మృగశిర కార్తె వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం నిండిపోతుంది. బతికున్న చిన్న కొర్రమీను పిల్ల, దాని నోట్లో పసుపురంగు ముద్ద. మనిషి తల వెనక్కి వంచితే గొంతులోకి జారవిడుస్తారు. శాకాహారులకు అదే ముద్ద బెల్లంలో పెట్టి ఇస్తారు. చంకలో పిల్లాణ్ని ఎత్తుకుని, వాడి ఛాతీలో పిల్లికూతలు వింటూ గంటల తరబడి వరసలో నిలబడ్డ తల్లుల్ని నేను చూశాను. 1845 నుంచి ఇస్తున్నామని బత్తిని కుటుంబం చెబుతుంది. ముద్దలో ఏ మూలికలున్నాయో మాత్రం బయటపెట్టలేదు. దీన్ని మందు అనడాన్ని జనవిజ్ఞాన వేదిక ఏళ్ల తరబడి ప్రశ్నించింది. ఇప్పుడు చేప ప్రసాదం అంటున్నారు.

ఆ తల్లుల్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఉబ్బసానికి డాక్టర్లు రాసే మందుల్లో చాలావాటి పుట్టుక వెతికితే ఎక్కడో ఒక మొక్క తగులుతుంది. అయితే ఆ మొక్కలో ఏ పదార్థం పనిచేస్తోంది, ఎంత మోతాదులో, ఏ కణం మీద అన్నది తేలాకే అది నమ్మి వాడదగ్గ మందయింది. ఆ తేల్చడానికి ఒక్కోసారి వందేళ్లకు పైగా పట్టింది.

ఆయాసం వచ్చినప్పుడు ఊపిరిగొట్టాల్లో రెండు పనులు జరుగుతాయి. చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. లోపలి పొర వాచి జిగురు ఊరుతుంది. బిగుతు నిమిషాల్లో సడలవచ్చు. వాపు అలా కాదు, ఆయాసం లేని రోజున కూడా లోపల ఉంటూనే ఉంటుంది. 1980లలో, ఉబ్బసం తక్కువగా ఉన్నవాళ్ల గొట్టాల నుంచి కూడా చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాకే ఈ సంగతి వైద్యులకు గట్టిగా తెలిసింది. పాతకాలపు మందులు బిగుతు వదిలించేవే కావడానికి కారణం ఇదే.

అలాంటి వాటిలో మనవైపు నుంచి వెళ్లింది ఉమ్మెత్త. దాన్ని ఎండబెట్టి పొగ పీల్చడం ఇక్కడ పాత వాడుక. మద్రాసులో కంపెనీ వైద్యాధికారిగా ఉన్న జేమ్స్ ఆండర్సన్ ఆ సంగతిని జనరల్ జెంట్ అనే సైనికాధికారికి చెబితే, 1802లో ఆయన ద్వారా బ్రిటన్ చేరింది. అందులోని ఆట్రోపిన్ లాంటి పదార్థాలు కండరానికి 'బిగుసుకో' అని చెప్పే నరాల కబురును ఆపేస్తాయి. ఆట్రోపిన్‌నే మార్చి 1970లలో ఇప్రాట్రోపియం అనే పీల్చే మందు తెచ్చారు. ఉమ్మెత్త మాత్రం విషం. పొగగానైనా, పసరుగానైనా దాని జోలికి పోవద్దు.

వాపు జోలికి వెళ్లే మందుకు దారిచూపిన మొక్క ఈజిప్టుది, అమ్మి విస్నాగా. అందులోని ఖెల్లిన్ అనే పదార్థం కండరాన్ని సడలిస్తుంది. బ్రిటన్‌లో రోజర్ ఆల్టూన్యన్ అనే వైద్యుడు ఖెల్లిన్‌ను పోలిన పదార్థాలను పరీక్షించడం మొదలుపెట్టాడు. ఆయనకే ఉబ్బసం. గినీపిగ్ చర్మపు పొట్టు పడదు. ఆ పొట్టు నానబెట్టిన నీటిని ఆవిరిలా పీల్చి, తనకు తానే ఆయాసం తెప్పించుకుని, ముందుగా తీసుకున్న మందు దాన్ని ఆపుతుందో లేదో కొలుచుకునేవాడు. ఇలా వందలసార్లు. 1965లో క్రోమోగ్లైకేట్ దొరికింది. అది బిగుసుకున్న కండరాన్ని సడలించదు. ముందే పీల్చి ఉంటే ఆయాసం రాకుండా ఆపుతుంది. మన గొట్టాల గోడల్లో మాస్ట్ కణాలుంటాయి. వాటి నిండా హిస్టమిన్ మూటలు. వయ్యారిభామ పుప్పొడి లాంటిది తగలగానే మూటలు పగిలి వాపు మొదలవుతుంది. క్రోమోగ్లైకేట్ ఆ మూటలు విప్పుకోకుండా చూస్తుంది.

తర్వాత 1972లో పీల్చే స్టెరాయిడ్ వచ్చింది. స్టెరాయిడ్ మాట వినగానే మనవాళ్లు భయపడతారు, చెట్టుమందైతే మేలంటారు. నిజానికి ఈ రకం స్టెరాయిడ్ల (కార్టికోస్టెరాయిడ్ల) తయారీకి చాలాకాలం ముఖ్యమైన ముడిసరుకు ఒక దుంపే. 1940లలో రసెల్ మార్కర్ మెక్సికో అడవి దుంపల్లోని డయోస్‌జెనిన్ నుంచి హార్మోన్లు తయారుచేసే దారి చూపాడు. కణం లోపల ఎన్‌ఎఫ్-కప్పాబీ అనే ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్లి వాపు పుట్టించే జన్యువులను తెరుస్తుంది. స్టెరాయిడ్ ఆ జన్యువులను మళ్లీ మూయిస్తుంది.

పసుపు మీద ఆశలు పెరిగింది ఇక్కడే. పసుపులోని కర్క్యుమిన్ కూడా ఎన్‌ఎఫ్-కప్పాబీని అడ్డుకుంటుందని 1990లలో ల్యాబ్ కణాల్లో చూశారు. గిన్నెలో ఉన్న కణం వేరు, మనిషి ఊపిరితిత్తి వేరు. మింగిన కర్క్యుమిన్‌లో రక్తంలోకి చేరేది అత్యల్పం. మిరియాల్లోని పైపరిన్ కలిపితే అది 20 రెట్లు పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. దాదాపు ఏమీ లేనిదానికి 20 రెట్లంటే ఇంకా కొంచెమే. మిరియాలేసిన పసుపు పాలు తాగండి, గొంతుకు హాయి. ఇన్‌హేలర్ పని దానికి అప్పగించకండి.

తేయాకులో 1888లో దొరికిన, ఊపిరిగొట్టాలను సడలించే థియోఫిలిన్‌దీ ఇలాంటి కథే. కొద్ది మోతాదులో అది స్టెరాయిడ్‌కు తోడుపడే ఒక ఎంజైమును లేపుతుందని 2002లో తేలింది. పొగతాగేవాళ్లలో ఆ ఎంజైమే మందగిస్తుంది కాబట్టి అందరూ సంబరపడ్డారు. బ్రిటన్‌లో 1,500 మందికి పైగా సీఓపీడీ (ఎక్కువగా పొగతాగేవాళ్లకు వచ్చే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) రోగులకు ఇచ్చి చూస్తే, జబ్బు ముదిరే సందర్భాలు తగ్గలేదని 2018లో ఫలితం వచ్చింది. కుక్కపాల ఆకుకు 1960ల చివర ఢిల్లీలో మంచి ఫలితాలొచ్చాయి, 1979 నాటి పరీక్షలో నిలబడలేదు. అందుగు బంక వాపు పెంచే ల్యూకోట్రైన్లనే పదార్థాల తయారీని ఆపుతుంది. 1998లో 40 మందికి ఆరు వారాలు ఇస్తే 70 శాతానికి మెరుగనిపించింది. అది చిన్న పరీక్ష. అందుగును ఇంకా పెద్దగా పరీక్షించాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనొకణ్ని.

మా అమ్మకు ఇరవై ఏళ్లుగా ఉబ్బసం. పెరటి అడ్డసరం ఆకు కషాయం మానమంటే మానదు, నేనూ మానమనను. కఫం కరిగించే బ్రోమ్‌హెక్సిన్ ఆ ఆకులోని వాసిసిన్ నుంచి వచ్చిందే. మా ఇంట్లో వరస మాత్రం మారదు. పొద్దున లేవగానే ఇన్‌హేలర్ రెండు పఫ్‌లు, గొంతులో మందు మిగిలి పూత రాకుండా నీళ్లతో పుక్కిలింత, ఆ తర్వాత కషాయం గ్లాసు.