వీల్‌చైర్ టెన్నిస్: రెండు బౌన్సులుంటే తేలికేనా?

వీల్‌చైర్ టెన్నిస్ ఆడాను, ఇప్పుడు నేర్పుతున్నాను. కొత్తగా పరిచయమైనవాళ్లు చాలామంది అనే మాటతోనే మొదలుపెడతాను.

అపోహ: బంతి రెండుసార్లు నేలకు తగలొచ్చు కాబట్టి ఆట తేలిక.

వాస్తవం: కోర్టు అదే, నెట్ అదే, బంతులూ రాకెట్లూ అవే. మొదటి బౌన్స్ లోపల పడితే రెండోది గీత బయట పడినా ఫర్వాలేదు, నిజమే. కానీ కుర్చీ పక్కకి జరగదు కదా! నిలబడి ఆడేవాళ్లు పక్కకి రెండడుగులు వేసి బంతి అందుకుంటారు, మేము కుర్చీని తిప్పి, రాకెట్ పట్టుకున్న చేత్తోనే చక్రం తోసి, కొట్టిన వెంటనే మళ్లీ తిప్పుకుని రావాలి. ఆగిపోయిన కుర్చీని కదిలించడానికి చాలా బలం పడుతుంది, అందుకే బంతి అవతలి వైపు ఉన్నా చక్రాలు తిరుగుతూనే ఉండాలి. రెండో బౌన్స్ దాకా చూస్తే ఎదుటివాళ్లకు సర్దుకునే టైమ్ ఇచ్చినట్టే. మంచి ఆటగాళ్లు వీలైతే ఒక్క బౌన్స్‌కే కొట్టేస్తారు. నా దగ్గరికి వచ్చే పిల్లలకు మొదట్లో రాకెట్ కంటే చక్రాల పనే ఎక్కువ చెబుతాను, విసుక్కున్నా సరే.

అపోహ: ఎప్పుడూ వీల్‌చైర్‌లో ఉండేవాళ్లకే ఈ ఆట.

కాదు. అర్హత నియమాలకు సరిపోయే శాశ్వత వైకల్యం ఉంటే, బయట కృత్రిమ కాలితో నడిచేవాళ్లూ ఆడొచ్చు. చేతుల్లో కూడా బలం తక్కువున్నవాళ్లకు క్వాడ్ విభాగం ఉంది, పట్టు చాలనివాళ్లు రాకెట్‌ను చేతికి టేప్‌తో చుట్టుకుని ఆడతారు. పారాలింపిక్స్‌లోకి అది 2004లో వచ్చింది.

అపోహ: ఇది కాలక్షేపం, కెరీర్ కాదు.

ఈ మాటకి నాకు నిజంగా బాధేస్తుంది. 1976లో అమెరికాలో బ్రాడ్ పార్క్స్ మొదలుపెట్టిన ఆట 1992 బార్సిలోనాలో పారాలింపిక్ పతకాల దాకా వెళ్లింది. నెదర్లాండ్స్‌కు చెందిన ఎస్తర్ వెర్గీర్ వరుసగా 470 సింగిల్స్ మ్యాచ్‌లు గెలిచి, ఓడకుండానే 2013లో రిటైరైంది. జపాన్ ఆటగాడు షింగో కునియెదాకు అన్నీ ఉన్నా వింబుల్డన్ సింగిల్స్ ఒక్కటే లేకపోయింది, అసలు అక్కడ వీల్‌చైర్ సింగిల్స్ పెట్టిందే 2016లో. 2022లో అదీ గెలిచి, మొత్తం 50 గ్రాండ్‌స్లామ్ టైటిళ్లతో ఆపేశాడు.

అయితే డబ్బు పైనున్న కొద్దిమందికే. మిగతావాళ్లకు ప్రయాణాలు, కోచింగ్, ఒంటి కొలతలకు చేయించుకునే కుర్చీ, అన్నీ ఖర్చే. అన్నిటికంటే నాకు టెన్షన్ భుజం గురించి. సర్వ్ చేసేదీ, కుర్చీ తోసేదీ, చాలామందికి ఇంట్లో మంచం మీదికి ఎక్కడానికి ఆధారమయ్యేదీ అదే భుజం. నొప్పి అన్నారంటే ఆ రోజుకి ప్రాక్టీస్ ఆపించేస్తాను, టోర్నమెంట్ ముందు రోజైనా సరే.