బోర్డు సర్టిఫైడ్ కాదంటే లైసెన్సు లేదని కాదు

పోయిన నెల ఒక తల్లి ఫోన్ చేశారు. ఆరేళ్ల బాబు, ఫస్ట్ గ్రేడ్. నిన్న చదివిన అక్షరం ఇవాళ గుర్తుండదు, క్లాసులో ఒక్కచోట కూర్చోడు. సైకాలజిస్టు చేత ఎవాల్యుయేషన్ చేయించమని పీడియాట్రీషియన్ రాసిచ్చి అప్పటికే ఎనిమిది నెలలైంది. "ఇన్నాళ్లూ ఎందుకు ఆగారమ్మా?" అని అడిగాను.

"ఇంటి దగ్గరే ఒకావిడ ఉన్నారు డాక్టరుగారూ. మూడు వారాల్లో అపాయింట్‌మెంటు ఇస్తామన్నారు. కానీ ఆవిడ బోర్డు సర్టిఫైడ్ కాదట. మా బావగారు కార్డియాలజిస్టు. బోర్డు సర్టిఫైడ్ కాకపోతే ఆ గుమ్మం తొక్కొద్దన్నారు. అందుకే మీ లిస్టులో పేరు రాయించి ఎదురుచూస్తున్నాం" అన్నారు.

నేను అమెరికాలో, డాలస్ దగ్గర న్యూరోసైకాలజిస్టుని, అంటే మెదడు పనితీరును పరీక్షించే సైకాలజిస్టుని. బోర్డు సర్టిఫికేషన్ నాకుంది, దానికోసం పడ్డ కష్టం మీద గౌరవమూ ఉంది. అయినా ఆ మాట విని నా ప్రాణం ఉసూరుమంది. మన తెలుగువాళ్ల ఇళ్లలో ఇది మళ్లీ మళ్లీ వింటున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అపోహ: బోర్డు సర్టిఫైడ్ కాని సైకాలజిస్టుకు ప్రాక్టీసు చేసే అర్హత లేదు.

తప్పు. అర్హత ఇచ్చేది లైసెన్సు. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. డాక్టరేటు పూర్తిచేయాలి, సీనియర్ల పర్యవేక్షణలో పనిచేయాలి, ఈపీపీపీ అనే 225 ప్రశ్నల పరీక్ష పాసవ్వాలి. మా టెక్సాస్‌లాంటి చోట్ల రాష్ట్ర చట్టం మీద ఇంకో పరీక్ష కూడా ఉంటుంది. ఇండియాలో క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నంబరు ఎలాంటిదో, ఇక్కడ స్టేట్ లైసెన్సు అలాంటిది. అది లేకుండా సైకాలజిస్టునని చెప్పుకుని ప్రాక్టీసు పెట్టడం నేరం. ఇన్సూరెన్సు వాళ్లు కూడా ముందు చూసేది లైసెన్సునే.

బోర్డు సర్టిఫికేషన్ దానిపైన ఇష్టపడి తెచ్చుకునేది. అమెరికన్ బోర్డ్ ఆఫ్ ప్రొఫెషనల్ సైకాలజీ, అంటే ఏబీపీపీ, ఒక్కో స్పెషాలిటీలో ఇస్తుంది. లైసెన్సు ఉన్న సైకాలజిస్టుల్లో దీనికి వెళ్లేవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లంతా పనికిరానివాళ్లని అనుకుంటే ఈ దేశంలో పిల్లలను చూసేవాళ్లే మిగలరు.

బావగారిని తప్పుపట్టను. డాక్టర్ల విషయంలో ఆయన మాట సబబే. వాళ్లకూ చట్టం ప్రకారం అది తప్పనిసరి కాదు, కానీ ఆసుపత్రులు, ఇన్సూరెన్సు నెట్‌వర్కులు అడుగుతాయి కాబట్టి దాదాపు అందరూ తెచ్చుకుంటారు. ఆ లెక్కను తెచ్చి సైకాలజీకి పెట్టడంతోనే చిక్కు వచ్చింది. పైగా లైసెన్సు ఇచ్చే రాష్ట్ర సంస్థనూ బోర్డే అంటారు, స్పెషాలిటీ సర్టిఫికెట్ ఇచ్చేదాన్నీ బోర్డే అంటారు. టెన్షన్‌లో ఉన్న తల్లిదండ్రులకు "బోర్డు లేదు" అని వినిపిస్తే గుండె గుభేలుమనదా మరి!

ఈ గందరగోళానికి మూలం చరిత్రలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి లక్షలమంది సైనికులు తిరిగొచ్చేసరికి వెటరన్స్ ఆసుపత్రులకు ఒక్కసారిగా సైకాలజిస్టులు కావలసివచ్చారు. అప్పట్లో చాలా రాష్ట్రాల్లో ఎవరైనా సరే సైకాలజిస్టునని నేమ్‌ప్లేటు తగిలించుకోవచ్చు. చట్టం చేసినవి రెండే రాష్ట్రాలు: 1945లో కనెక్టికట్, 1946లో వర్జీనియా. చట్టాలు వచ్చేదాకా కూర్చుంటే జనం ఎవరిని నమ్మాలి? అందుకని 1947లో వృత్తిలోని పెద్దలే పూనుకుని, అర్హులను పరీక్షించి జనానికి చూపించడానికి జాతీయ స్థాయిలో ఈ ఏబీపీపీ బోర్డు పెట్టారు. చట్టం చేసే అధికారం వాళ్లకు లేదు కాబట్టి అది స్వచ్ఛందమే అయింది. క్లినికల్, కౌన్సెలింగ్, ఇండస్ట్రియల్ రంగాలతో మొదలైంది. ఇప్పటి పేరు 1968లో వచ్చింది. టెక్సాస్‌లో లైసెన్సు చట్టం 1969లో వస్తే, అన్ని రాష్ట్రాలకంటే చివరగా మిస్సోరీలో 1977లో వచ్చింది. అసలు సైకాలజిస్టు ఎవరో తేల్చే పని అలా లైసెన్సు చేతికి పోయింది. బోర్డుకు మిగిలింది స్పెషాలిటీలో లోతు చూడడం.

ఆ లోతు ఎలా చూస్తారో నా అనుభవం చెబుతాను. ముందు చదువు, ట్రైనింగు కాగితాలన్నీ పరిశీలించారు. తర్వాత రాతపరీక్ష. ఆ తర్వాత నేను చూసిన ఇద్దరు పేషెంట్ల రిపోర్టులు పేర్లు తీసేసి పంపాను. చివరిది ఓరల్. అందులో ఒక భాగం ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఎదురుగా ఒక పెద్దాయన కూర్చుని, పేషెంటు వయసు, వచ్చిన కారణం రెండు ముక్కల్లో చెప్పి ఆగిపోయారు. ఇక నేను అడిగిందే చెబుతారు, అడగనిది చెప్పరు. నిద్ర గురించి అడగడం మర్చిపోయాను. చివర్లో గుర్తొచ్చి అడిగితే, తల కూడా ఎత్తకుండా "గురక ఉంది" అన్నారు. సమస్య మూలం నిద్రలోనే ఉండొచ్చని కేసంతా అక్కడే తిరిగిపోయింది. ఆరోజునుంచి ఏ పేషెంటునైనా నిద్ర సంగతి ముందే అడుగుతాను. సర్టిఫికేషన్ వల్ల నాకు నిజంగా ఒరిగింది అదే. మూర్ఛకు ఆపరేషన్ ముందు పరీక్షలు, కోర్టు కేసుల్లాంటి చోట దానికి విలువ ఎక్కువ. కొన్ని ఆసుపత్రులు న్యూరోసైకాలజీ ఉద్యోగానికి అడుగుతాయి కూడా. కానీ ఆరేళ్ల బాబు చదువు సమస్యకు ఎనిమిది నెలలు ఆగాల్సినంత తేడా అందులో లేదు.

మిగతా అపోహలు క్లుప్తంగా.

గోడమీద ఏ బోర్డు సర్టిఫికెట్ ఉన్నా ఒకటే: కాదు. డబ్బు కడితే పంపించేవీ ఉన్నాయి. స్టీవ్ ఐకెల్ అనే సైకాలజిస్టు తన పెంపుడు పిల్లి పేరున దరఖాస్తు పెట్టి, హిప్నోథెరపీ సర్టిఫికెట్లు తెప్పించి మరీ ఈ బాగోతాన్ని బయటపెట్టారు. ఏబీపీపీ వెబ్‌సైటులో పేరు కొడితే నిజమో కాదో నిమిషంలో తెలుస్తుంది.

బోర్డు సర్టిఫికేషన్ ఉంటే ఏ రాష్ట్రంలోనైనా పేషెంట్లను చూడొచ్చు: చూడకూడదు. రాష్ట్రం మారితే అక్కడి లైసెన్సు సంగతి చూసుకోవాల్సిందే. కాకపోతే కొన్నిచోట్ల బోర్డు ఉన్నవాళ్లకు ఆ పని తేలికవుతుంది.

పీహెచ్‌డీ వాళ్లకే ఇస్తారు, సై.డీ. (డాక్టర్ ఆఫ్ సైకాలజీ) వాళ్లకు ఇవ్వరు: ఇద్దరికీ ఇస్తారు. ఇక్కడ డాక్టరేటు చదువుతున్న మన పిల్లలు ట్రైనింగులో ఉండగానే తక్కువ ఫీజుతో దరఖాస్తు మొదలుపెట్టొచ్చు.

ఆ తల్లి మాటకొస్తే, ఫోన్లోనే ఏడ్చేశారు. "ఎనిమిది నెలలు మేమే పాడుచేశామా?" అన్నారు. తప్పు మీది కాదమ్మా అని, ఇద్దరం కలిసి స్టేట్ బోర్డు వెబ్‌సైటులో ఆ దగ్గర్లో ఉన్నావిడ లైసెన్సు చూశాం. పైసా ఖర్చు లేదు. లైసెన్సు అమల్లో ఉంది, క్రమశిక్షణ చర్యలేవీ లేవు. "ఈ వయసు పిల్లలను నెలకు ఎంతమందిని చూస్తారో, డిస్‌లెక్సియా, అంటే చదవడంలో ఇబ్బందికి పరీక్షలు చేస్తారో లేదో అడగండి" అన్నాను. రెండింటికీ మంచి జవాబే వచ్చింది. బాబును ఆవిడే చూశారు. రిపోర్టు నాకు చూపించారు. నేను చేసినా అదే రాసేదాన్ని.

నా వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, పేరు తీయించుకోనక్కర్లేదు. ఈలోగా స్కూలుకు ఎవాల్యుయేషన్ కావాలని కాగితం మీద రాసివ్వండి. పబ్లిక్ స్కూలు అది ఉచితంగా చేయాలి. పరీక్షించడానికి ఒప్పుకుంటూ మీరు సంతకం పెట్టాక ఫెడరల్ నిబంధన ప్రకారం గడువు 60 రోజులు, రాష్ట్రం తన గడువు పెట్టుకుంటే అది వర్తిస్తుంది. టెక్సాస్‌లో 45 స్కూలు రోజులు. ఇంటి దగ్గర లైసెన్సు ఉన్న సైకాలజిస్టు కనిపిస్తే రేపే ఫోన్ చేయండి.