ఇంధనాన్ని రెక్కల్లోనే ఎందుకు నింపుతారు?

విమానంలో ఇంధనాన్ని రెక్కల్లో పెట్టేది ప్రయాణికులకు దూరంగా ఉండాలనేనా అని ఒక పాఠకురాలు అడిగారు. అక్కడ ఖాళీ చోటు ఉంది, నిజమే. కానీ అసలు అందం వేరే ఉంది. రెక్క మీద పడే భారాన్ని ఆ ఇంధనమే తగ్గిస్తుంది!

కావడి గుర్తు తెచ్చుకోండి. నడుమ భుజం, రెండు కొసలకూ బరువులు, బద్ద కిందికి వంగుతుంది. విమానం తలకిందులైన కావడి. ఇక్కడ ఎత్తేది గాలి, అదీ బద్ద పొడవునా. బరువేమో నడుమ, మనుషులూ సామానూ ఉన్న గొట్టంలో. కాబట్టి కొసలు పైకి లేస్తాయి, వంచే బలమంతా రెక్క మొదట్లో పేరుకుంటుంది. ఇప్పుడు నడుమ ఉన్న బరువులో కొంత తీసి బద్ద పొడవునా వేలాడదీయండి. గాలి పైకి నెట్టే చోటే అది కిందికి లాగుతుంది, మొదట్లో వంపు తగ్గుతుంది. రెక్క కింద వేలాడే ఇంజన్లూ ఈ మేలే చేస్తాయి.

చిన్న లెక్క వేద్దాం. 100 టన్నుల విమానం, ఒక్కో రెక్క 50 టన్నులు ఎత్తాలి. ఆ బలం సగటున రెక్క మొదలుకు 8 మీటర్ల దూరంలో పనిచేస్తుందనుకోండి. బరువంతా నడుమే ఉంటే రెక్క మొదట్లో బెండింగ్ మొమెంట్ (బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చే వంపు కొలత) 50 × 8, అంటే 400 టన్ను-మీటర్లు. ఆ బరువులో 30 టన్నులు ఇంధనమై, రెక్కకు 15 చొప్పున 6 మీటర్ల దూరంలో ఉంటే 90 తగ్గి 310 అవుతుంది. ఇంకో తీరుగా చూస్తే మరీ ముచ్చటేస్తుంది. నడుమ ఒక టన్ను పెంచితే ఒక్కో రెక్క మొదట్లో 4 టన్ను-మీటర్లు పెరుగుతాయి. అదే టన్నును రెండు రెక్కల్లో పంచితే 4 పెరిగి 3 తగ్గుతాయి, మిగిలేది 1. బరువు అదే, చోటు మారింది, దెబ్బ నాలుగో వంతైంది.

మన ఇంజనీరింగ్ తరగతుల్లో ఒక చివర గోడలో పాతిన దూలాన్ని గీసి, రెండో చివర ఒక బాణం వేసి లెక్క చేయిస్తారు. రెక్క కూడా అలాంటి దూలమే, పక్కనే విమానం బొమ్మ ఒకటి గీస్తే పిల్లలకు ఆ పాఠం జన్మలో మరుపురాదు.

నడుమ ట్యాంకు ఉన్న విమానాల్లో ముందుగా దాన్నే ఖాళీ చేయడానికి, రెక్కల్లోది చివరిదాకా దాచుకోవడానికి కారణం ఇదే. ప్రయాణికుల జెట్లకు ‘జీరో ఫ్యూయల్ వెయిట్’ అని విడిగా ఒక హద్దు ఉండటమూ ఇందుకే. ఇంధనం కాక మిగిలిన బరువు ఆ హద్దు దాటకూడదు. అక్కడి నుంచి ఇంకేమైనా ఎక్కించాలంటే అది ఇంధనమే కావాలి.

నేల మీద కథ తిరగబడుతుంది. గాలి ఎత్తడం లేదు, రెక్క కొసన బరువుంటే కిందికే వంగుతుంది. అందుకే ఎయిర్‌బస్ ఎ380లో గాలిలోకి లేచాక ఇంధనాన్ని బయటి ట్యాంకుల్లోకి, దిగబోయే ముందు మళ్లీ లోపలికి పంపులతో తోడతారు.

ఇంత జాగ్రత్తా ఎందుకంటే, విమానంలో భద్రతకు వదిలే మిగులు 1.5 రెట్లే. ప్రయాణికుల జెట్ తన జీవితంలో ఎదుర్కోగల అతి పెద్ద భారానికి ఒకటిన్నర రెట్లు పడినా రెక్క మూడు సెకన్లు నిలవాలి. ఇంకా మందంగా చేయవచ్చు కదా అంటే, ఆ బరువును ఎత్తడానికి మళ్లీ పెద్ద రెక్క కావాలి, దానికి మళ్లీ ఇంధనం. 2006 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో ఎ380 రెక్కను పరీక్షిస్తే 1.5కి కొద్దిగా ముందే, 1.45 దాటాక విరిగింది. లోపాన్ని కొద్దిపాటి బలోపేతంతోనే సరిచేశారు. లెక్క అంత సన్నగా గీస్తారన్నమాట. ప్రయాణంలో రెక్క ఊగగానే అపశకునంలా కళ్లు మూసుకుని మొక్కుకునేవాళ్లను చూశాను. మొక్కుకోండి, తప్పులేదు. కానీ ఊగడం దాని ఆరోగ్య లక్షణం. బిగుసుకుపోయే రెక్క అయితే ప్రతి గాలి కుదుపూ మీ కుర్చీదాకా వచ్చేది.

మనిషి ఎక్కని విమానంలో ఈ సూత్రాన్ని కొసదాకా లాగవచ్చు. కుర్చీలు, ఆక్సిజన్ అక్కర్లేదు కనుక నడుమ గొట్టాన్నే తీసేయవచ్చు. నాసా కోసం ఏరోవైరన్‌మెంట్ సంస్థ తయారుచేసిన హీలియోస్ అలాంటిదే. దాదాపు 75 మీటర్ల రెక్క, దాని పొడవునా 14 మోటార్లు, అంతే. గాలి ఎక్కడ ఎత్తుతుందో బరువూ అక్కడే ఉంది కాబట్టి అంత పొడవాటి రెక్క అంత తేలిగ్గా కుదిరింది. 2001 ఆగస్టులో అది సౌరశక్తితో 29.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది.

తర్వాత రాత్రంతా ఎగరాలని దానికి హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ అమర్చారు. 200 కిలోలు దాటిన ఆ యంత్రం రెక్క నడుమకు వచ్చింది, హైడ్రోజన్ ట్యాంకులు రెక్క చివర్లకు వెళ్లాయి. సమంగా పరుచుకున్న బరువు మూడు ముద్దలైంది. 2003 జూన్ 26న హవాయిలోని కవాయి ద్వీపం దగ్గర, ఎగిరిన అరగంటకు, కుదుపులకు కొసలు బాగా పైకి వంగి ఆ వంపు అలాగే నిలిచిపోయింది. ఆ ఆకారంలో రెక్క ముందు అంచు పైకీ కిందికీ ఊగడం మొదలై, ఒక్కో ఊపూ ముందుదానికన్నా పెద్దదై, వేగం హద్దు దాటి, పై పొర చిరిగిపోయింది. బరువుల అమరిక మారితే వచ్చే ప్రమాదాన్ని సరిగ్గా అంచనా వేసే విశ్లేషణ పద్ధతులు లేకపోవడమే మూలకారణమని దర్యాప్తు తేల్చింది.